సలహాదారుని వయస్సు

తాడేపల్లిగూడెములో 2015వ సంవత్సరమున నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో ఇటీవలనే పట్టము పుచ్చుకొన్న మా వీథి యువకుడొకడు ఈ వారము నా యొద్దకు వచ్చి, హైదరాబాదులోని ఒక మేనేజిమెంటు కన్సల్టింగు సంస్థలో తనకు అనలిస్టుగా ఉద్యోగము లభించినదని చెప్పెను. నేను అభినందించుట ముగియకమున్నే అతడు తలవంచుకొని, "బాబాయిగారూ, ముప్ఫై ఏళ్ళుగా ఫ్యాక్టరీ నడుపుతున్న పెద్దమనిషి ఎదట కూర్చుని నేనేం చెప్పగలనండీ? నన్నెవరు నమ్ముతారు?" అని యడిగెను. జీతమెంత, బస యెక్కడ అను మాటలే వినవచ్చు సమయమున, తాను చేయబోవు పనికి తనకు గల అర్హతను గూర్చి ఇట్లు సందేహించిన యువకుని చూచుట నాకు మిక్కిలి ప్రీతి కలిగించినది.

ఈ శీర్షికను విడువక చదువు పాఠకులకు నా పాత పట్టుదల తెలియనిది కాదు. నష్టములో పాలులేనివాడు సలహా చెప్పరాదనియు, నడచి చూడని నేలకు పటము గీయరాదనియు నేనెన్ని మారులు వ్రాసితినో వారెరుగుదురు. ఆ దృష్టితో చూచినచో ఈ వృత్తియే నాకు మొదటినుండియు శంకాస్పదము. జేమ్స్ మెకిన్సీ యను అకౌంటింగు ఆచార్యుడు 1926లో షికాగో నగరమున తన పేరిట సంస్థను స్థాపించి, పరుల వ్యాపారమును పరీక్షించి పరిష్కారము చెప్పి ప్రతిఫలము గైకొను ఈ విద్యకు ప్రతిష్ఠ తెచ్చినవారిలో ఒకడయ్యెను. మనకు హైదరాబాదులో బెల్లావిస్టా ప్రాసాదమున 1956లో వెలసిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ప్రభుత్వ సంస్థలకు ఇట్టి సలహాలనే యిచ్చుచు వచ్చినది. ఆపై 1999లో, మెకిన్సీ సంస్థ తోడ్పాటుతో రాష్ట్ర ప్రభుత్వము వెలువరించిన విజన్ 2020 పత్రముతో కన్సల్టెంటు అను మాట రచ్చబండల దాక వచ్చినది. ఇరువది యేండ్ల తరువాతి మాటను నేడు చెప్పువాడు, ఆ యేండ్లు గడచిన నాడు లెక్క యొప్పజెప్పుటకు మన నడుమ నుండునా యని నేను నాడును అడిగితిని, నేడును అడుగుచున్నాను.

కావున, "నాయనా, ముందు ఒక బియ్యపు మిల్లులోనో, నూనె మిల్లులోనో ఐదేండ్లు చేరి, సరకు ముక్కిపోయిన నాటి దుఃఖమును కన్నులార చూచి, పిమ్మట పరులకు బోధింపుము" అని చెప్పుటకు సిద్ధపడితిని. అంతలో కొల్లేరు జ్ఞప్తికి వచ్చి నన్ను ఆపినది.

బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చు వరదను తనలో ఇముడ్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచు ఈ సరస్సునకు సలహాల కొరత ఎన్నడును లేదు. 1976లో ప్రభుత్వము మత్స్యకారుల సహకార సంఘములకు ఇందులో చేపల చెరువులకై భూమి నిచ్చినది. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలగా దీనికి గుర్తింపు లభించినది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అధికారులు చెరువుల గట్లు తెగగొట్టిరి. 2008లో శాసనసభ అభయారణ్యపు పరిధిని +3 అడుగులకు తగ్గింపవలెనని తీర్మానించినది. ఆపై కేంద్రము నియమించిన అజీజ్ సంఘము తగ్గింపరాదని 2011లో నివేదించినది. ఈ చరిత్రలో పాల్గొన్నవారెవ్వరును బాలురు కారు, అనుభవహీనులును కారు. కాంటూరు గీతను యంత్రసహాయమున తప్పులేకుండ గీయవచ్చును. సరస్సు ప్రాణము నిలుపుటకు ఆ గీత అవసరమనియే నా నమ్మకము. అయినను, దాని దిగువనున్న చెరువు ఒకరి పేర, దాని లీజు మరియొకరి చేత, దానిపై బ్రతుకుట వేరొకరి వంతు అయియున్నప్పుడు, గట్టు తెగిన మరునాటి యుదయము ఆ మూడవవాడు ఎచ్చటికి పోవలయునను ప్రశ్నకు ఏ కాంటూరును సమాధానము చెప్పజాలదు. తలలు నెరసినంత మాత్రమున సలహా పరిపూర్ణము కాదనుటకు మన కొల్లేరే సాక్ష్యము. అడుగవలసిన మనిషిని అడుగుట యను పని వేరుగా మిగిలియుండును.

ఆ పనిని చక్కగా చేసిన ఒక యువకుని నేనెరుగుదును. చాల కాలము క్రిందట కైకలూరు చెంత చేపల చెరువులున్న మా బంధువునింట నేను బసచేసియుండగా, తెల్లవారుజామున చేపలు నీటిమీదికి తేలి నోళ్ళు తెరచుచున్నవని కబురు వచ్చినది. రాత్రియంతయు చెరువులోని పాచియు, జీవరాశియు ప్రాణవాయువును పీల్చుచునే యుండుటచేత, సూర్యోదయమునకు ముందే అది నీటిలో కనిష్ఠస్థితికి చేరుననియు, కొల్లేటి రైతునకు భయంకరమైన వేళ అదియే యనియు నాకు తెలిసినది ఆనాడే. ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో చదివి అప్పుడప్పుడే ఈ సీమకు వచ్చిన కన్సల్టెంటు ఒకడు, మీసకట్టైనను సరిగా రానివాడు, నీటిపరీక్ష పెట్టెతో మోటారు సైకిలుపై వచ్చెను. మా బంధువు, ఏ మందు చల్లవలెనో చెప్పుమని అతని తొందరపెట్టుచుండెను. ఆ యువకుడు ఆయనకు నమస్కరించి, తిన్నగా గట్టుమీది గుడిసెలోనున్న కాపలా మనిషి యొద్దకు పోయి, "పెద్దయ్యా, నిన్న మేత సంచులు ఎన్ని గంటలకు ఖాళీ అయ్యాయి?" అని యడిగెను.

కొల్లేటి చెరువులలో మేత వేయు విధానము ఎరుగని పాఠకులకొక మాట చెప్పవలెను. తవుడును రంధ్రములు గల సంచులలో నింపి, చెరువులో నాటిన కఱ్ఱలకు కట్టి వ్రేలాడదీయుదురు. చేపలు ఆ రంధ్రముల చెంత చేరి పొడుచుకొని తినును. సంచి ఎంతసేపటికి ఖాళీ యగుచున్నదో చూచినచో చేప ఆకలిని, ఆకలిని బట్టి ఆరోగ్యమును, నీటి స్థితిని గ్రహింపవచ్చును. కాపలా మనిషి, "మూడు రోజులబట్టీ సాయంత్రానికి కూడా సగం మిగిలిపోతన్నాయండి" అని చెప్పెను. "నాతో చెప్పలేదేంరా?" అని మా బంధువు గద్దింపగా, ఆ వృద్ధుడు, "తమరు అడగలేదు గదండీ" అనెను. తినక మిగిలిన మేత క్రుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించుచున్నదని ఊహించి, ఆ యువకుడు పెట్టె తెరచి నీటిని పరీక్షించి, మందు మాట తరువాత చూతమనియు, ముందు మేత ఆపి, క్రొత్త నీరు పెట్టుడనియు చెప్పెను. రోగకారణమును గూర్చిన జ్ఞానము ఆ గట్టుమీదనే, యజమాని కాలికి పది బారల దూరమున ఉన్నది. వారిరువురి నడుమ అంతస్తు యొక్క గోడ యుండెను. బయటినుండి వచ్చిన పిన్నవాడు కనుకనే ఆ గోడను దాటగలిగెను.

మా వీథి యువకుడు ఉద్యోగపు పరీక్షలో తన్నడిగిన ప్రశ్నల తీరును వివరించినప్పుడు నాకు ఈ కథయే మరల తోచినది. తాడేపల్లిగూడెము మార్కెట్టునకు కర్నూలునుండి, మహారాష్ట్రనుండి ఏటేట వచ్చు ఉల్లి యెంత యని అడిగినచో, సరియైన సంఖ్యను ఎవరును ఆశింపరట. సరకు దిగు దినములెన్ని, దినమునకు లారీలెన్ని, లారీకి బస్తాలెన్ని, బస్తా తూకమెంత యని ప్రశ్నను భాగములుగా విప్పి, ఏదియు విడువక, దేనినియు రెండుమారులు లెక్కింపక, తాననుకొన్నది అనుకొన్నదేయని బయటకు చెప్పుచు సాగవలెనట. ఇది నాకెంతయు నచ్చినది. ఊహను ఊహయని ఒప్పుకొను సలహాదారుడు ఏ కాలమునందైనను దుర్లభుడు. ఉద్యోగమున చేరిన తరువాత తొలి యేడాది అతని పని లెక్కలు సేకరించుట, తప్పులు దిద్దుట, గుమాస్తాను, ఫోర్‌మన్‌ను, డ్రైవరును కలిసి విన్నదానిని వ్రాసికొనుట, పట్టికలు కట్టుట మాత్రమే. తీర్పు చెప్పు బాధ్యత పైవారిది.

కావున అతడు భయపడిన పని అతని పని కాదు. ముప్ఫై యేండ్లు ఒక కర్మాగారమును నడిపిన మేనేజరు, ఈ యంత్రమును రాత్రివేళ ఏల ఆపుచున్నారని అడిగినచో పరువు పోవును. ఇరువదిరెండేండ్ల వాడడిగినచో, పిల్లవాడు నేర్చుకొనుచున్నాడని సంతోషించి చెప్పుదురు. తెలియదని చెప్పుకొను స్వాతంత్ర్యము అతని మూలధనము. ధవళేశ్వరము వద్ద 1847లో ఆనకట్ట పని ఆరంభించిన కాటన్ దొర సైతము, ఇసుకలో పునాది నిలుపు విద్యను మన పురాతన నిర్మాతలనుండి నేర్చితిమని ఒప్పుకొన్నవాడే.

ఇక నా పాత పట్టుదల మాట. నష్టములో ధనరూపమైన పాలు ఈ యువకుడు పంచుకొనజాలడు. అయినను, సలహా యిచ్చిన చోటికి మరల వచ్చి ఫలితమును కన్నులార చూచుట వాని వశములోనిదే. కొన్ని మాసములలో పని ముగించి బృందము వెడలిపోవుట, కొన్నేండ్లలో పై మెట్టెక్కనివాడు సంస్థనే విడిచిపోవుట ఈ వృత్తిలో ఆచారము. దోషము ఆ యాచారమునందున్నది, వయస్సునందు లేదు. అడుగుట మానివేసి, ఊరూరికి ఒకే పత్రమును పేరు మార్చి చదువు నడివయస్సు వానిని నేను శంకింతును. నోటు పుస్తకముతో గుడిసె ముందు నిలిచిన ఇరువదిరెండేండ్ల వానిని శంకింపను. అందుచేత, "వెళ్ళు నాయనా, కాపలా మనిషి చెప్పిన మాటను కాపలా మనిషి చెప్పినట్లే వ్రాయుము" అని చెప్పి పంపితిని.

ఏలూరు, గూడెము, కైకలూరు ప్రాంతములలోని మిల్లుదారులకును, చెరువుల రైతులకును నా మనవి యిది: అట్టి యువకుడు మీ వాకిటికి వచ్చినప్పుడు వాని వయస్సు నడుగకుడు. మీ పనివారితో ఏకాంతముగా మాటలాడనిండు, లెక్కల పుస్తకములు చూపుడు. తుదకు సొమ్ము చెల్లించునపుడు మాత్రము, ఏడాది గడచిన పిమ్మట మరల వచ్చి చూచి పోవలెనని ఒప్పందములో ఒక వాక్యము వ్రాయించుకొనుడు.