బడి పనికాదంటున్నదెవరు?

‘బడి చదువు చెప్పాలె గానీ అన్నం పెట్టడం దాని పనా?’ అని మన మేధావులు కొందరు వాదిస్తున్నారు. పంతుళ్ల మీద పనిభారం నిజమే. ఐతే జనగణనకు, విపత్తు సాయానికి, ఎన్నికలకు పంతుళ్లను వాడుకోవచ్చని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షనే ఒప్పుకుంది. వాటి మీద లేని కోపం అన్నం గిన్నె మీదనే ఎందుకు?

వండిన అన్నం పెట్టమని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది మొదలైంది 2003లో. వంటపనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్ 20న కోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది. అసలు గొడవ ఇక్కడుంది. మాదిగ తల్లి వండితే మా పిల్లలు తినరని ఊరు అడ్డం తిరిగిన సంగతులు ఒకటా రెండా! అంటరానితనం నేరమని పాఠం చెప్పే బడి పొయ్యి కాడికొచ్చేసరికి నోరు మూసుకుంటది. పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నరో చూడటం చదువు కాదా?

అట్లని సేవ పేరుతో వచ్చేదంతా మనకు మేలని నేననను. 2009 డిసెంబరు నుంచి కేంద్రం వంటామెకు నెలకు వెయ్యి రూపాయలు లెక్కగట్టింది, అదీ ఏడాదికి 10 నెలలకే. దానికి జీతమని పేరు పెట్టలేదు, ‘గౌరవ వేతనం’ అంది. రాష్ట్రాలు తర్వాత కొంత కలిపినా పేరు మారలేదు. బిల్లులు ఆగితే కిరాణా కొట్లో ఖాతా రాయించుకొని పప్పు తెచ్చేది ఆమే.