అడిగి తీసికొన్న రాజీనామా: కతోలిక కానను చట్టముపై ఒక విమర్శ

రోమను కతోలిక సంఘపు 1983 నాటి కానను చట్టములో సంఘోద్యోగమునకు రాజీనామా చేయుటను గూర్చిన సాధారణ నియమములు మూడే: 187, 188, 189. ప్రొటెస్టెంటు కాపరులమైన మేము వీటిని బయటనుండి చదువుచున్నాము. అయినను ఇందలి ప్రశ్న మన సంఘములు ఎరుగనిది కాదు.

స్వస్థబుద్ధి గలవాడెవడైనను న్యాయమైన కారణముతో రాజీనామా చేయవచ్చునని 187 చెప్పుచున్నది. అన్యాయముగా కలిగించిన తీవ్ర భయము, మోసము, మౌలికమైన పొరపాటు, పదవిని సొమ్ముతో ముడిపెట్టుట – వీటిలో ఏది కారణమైనను ఆ రాజీనామా చెల్లదని 188 తేల్చుచున్నది. దానిని ఆ ఉద్యోగమునిచ్చు అధికారికి వ్రాతమూలకముగా గాని, ఇద్దరు సాక్షుల యెదుట నోటిమాటగా గాని సమర్పింపవలెను. అంగీకారము అవసరమైనది మూడు నెలలలో అంగీకరింపబడనియెడల బలము కోల్పోవును. పరిచర్య చేయువానియందు 1 పేతురు 5:2 కోరిన ఇష్టపూర్వకతను ఈ చట్టము పరిచర్య విడుచువానియందును కోరుచున్నది. ఇది మెచ్చదగిన సంగతియే.

పోపు విషయములో ఈ స్వేచ్ఛ ఇంకను స్పష్టము. 332వ కానను ప్రకారము ఆయన రాజీనామా స్వేచ్ఛగా చేయబడి, తగినరీతిగా వెల్లడియైన చాలును, ఎవరి అంగీకారమును అక్కరలేదు. 2013లో పదునారవ బెనెడిక్టు ఇట్లే వైదొలగెను.

బిషప్పుల సంగతి అట్లు లేదు. 75 ఏండ్లు నిండినవానిని రాజీనామా సమర్పింపుమని 401వ కానను కోరుచున్నది. వయస్సు అందరికి ఒకటే గనుక ఇందులో పేచీ లేదు. 2014 నవంబరులో పోపు ఫ్రాన్సిస్ ఆమోదించిన ఉత్తర్వు వేరొక ద్వారము తెరచెను. ప్రత్యేక పరిస్థితులలో అధికారి కారణములు తెలిపి, బిషప్పు మాటను సోదరభావముతో ఆలకించి, రాజీనామా చేయుమని అడుగవచ్చును. 2023 నవంబరులో అమెరికాలోని టైలర్ బిషప్పు జోసెఫ్ స్ట్రిక్‌లాండును అట్లే అడిగిరి. ఆయన ఒప్పుకొనలేదు, రెండు దినములలో తొలగింపబడెను. ఆ తొలగింపు సబబా కాదా అనునది మా చర్చ కాదు. ఆయన ఒప్పుకొని సంతకము చేసియుండిన యెడల దానిని ఏమని పిలువవలెను? అడుగువాడును తొలగింపగలవాడును ఒక్కడే అయినచోట, ఆ భయము అన్యాయముగా కలిగినదని ఎవరి యెదుట రుజువు చేయవలెను? పోపు తీర్పుపై అప్పీలు లేదని 333వ కానను ముందే చెప్పియున్నది.

విచిత్రమేమనగా, చిన్న ఉద్యోగికి ఇదే చట్టము ఎక్కువ రక్షణ నిచ్చినది. పారిష్ గురువును తొలగింపదలచిన బిషప్పు మొదట ఇద్దరు గురువులతో సంగతి చర్చింపవలెను. పిమ్మట కారణములు వివరించి, పదునైదు దినములలో రాజీనామా చేయుమని తండ్రివలె నచ్చజెప్పవలెనని 1742వ కానను. ఆయన ఎదిరించినయెడల కాగితములన్నియు చూచి, తన ఆక్షేపణలను వ్రాసి ఇయ్యవచ్చునని 1745వ కానను. ఆ మీదట పై అధికారికి మొర పెట్టుకొనవచ్చును కూడ. బిషప్పుకు “సోదరభావము” మాత్రమే మిగిలినది. అది మంచి మాటయే గాని, గడువు, సాక్షులు, వ్రాతప్రతి దానికి లేవు. పారిష్ గురువు విషయములో పాటించు క్రమమును బిషప్పులకును వర్తింపజేయుట ఆ సంఘపు శాసనకర్తలకు అసాధ్యము కాదు. అంతవరకు, అడిగి తీసికొన్న రాజీనామాను 187వ కానను క్రింద కాక తొలగింపు క్రింద లెక్కించుటయే సత్యమునకు దగ్గర యని మా అభిప్రాయము.