తెరను చదివి చూడండి

బడ్జెట్ ఫోన్లు రెండు చేతికొస్తే రెండింట్లోనూ ఒకే తెలుగు పేజీ తెరిచి పక్కపక్కన పెడతాను. షాపులో డెమో వీడియోను లెక్కలోకి తీసుకోను. నల్లటి నేపథ్యం మీద ముదురు రంగులు పోసి, బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచితే ఏ తెరైనా మెరుస్తుంది.

అట్టపెట్టె మీది అంకెలూ సగమే చెబుతాయి. శాంసంగ్ గెలాక్సీ ఎం14 5జీ 2023లో వచ్చింది, ఎం15 5జీ 2024లో. ఒకటి 6.6 అంగుళాలు, ఒకటి 6.5. రెండూ ఫుల్ హెచ్‌డీ ప్లస్, రెండూ 90 హెర్ట్జ్, అంగుళానికి దాదాపు 400 పిక్సెళ్లు. అంకెల్లో కవలలే. కానీ ఎం14ది ఎల్‌సీడీ, ఎం15ది అమోలెడ్.

ఎల్‌సీడీ వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. ముందున్న పొర దాన్ని పూర్తిగా ఆపలేదు. అందుకే చీకటి గదిలో సినిమా పెడితే నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. అమోలెడ్‌లో ఏ పిక్సెల్‌కు ఆ పిక్సెలే వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట ఆరిపోతుంది. సినిమా ప్రియులకు ఈ తేడా మొదటి సీన్లోనే తెలిసిపోతుంది.

చదివేవాళ్ల లెక్క వేరు. ఎల్‌సీడీ పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి. చాలా అమోలెడ్ తెరల్లో పిక్సెల్‌కు రెండు రంగులే. ఎరుపు, నీలాలను ప్రతి పిక్సెలూ పక్కదానితో పంచుకుంటుంది. కాబట్టి సన్న అక్షరాల అంచులు ఎల్‌సీడీలో కాస్త తేటగా ఉంటాయి. ‘రాష్ట్రం’లో ష కింద ట వత్తును, ర వత్తును దగ్గరగా పెట్టుకుని చూడండి. 400 పిక్సెళ్ల దగ్గర రెండు తెరల్లోనూ విడివిడిగా కనిపిస్తాయి. చవక ఫోన్లలో ఇప్పటికీ వస్తున్న, అడ్డంగా 720 పిక్సెళ్లే ఉండే తెర 6.7 అంగుళాలుంటే, అంగుళానికి దక్కేవి 260 చిల్లరే. చిన్న ఫాంటులో వత్తులు అక్కడ ముద్దకడతాయి.

పోల్చే ముందు ఆటో బ్రైట్‌నెస్ ఆపి, రెండు తెరల వెలుగూ సమానం చేయాలి. ఎక్కువ వెలిగేదే బాగుందని కన్ను ఇట్టే మోసపోతుంది. తెల్ల పేజీని పక్కకు వంచితే కొన్ని అమోలెడ్‌లలో తెలుపు ఆకుపచ్చకో గులాబీకో తిరుగుతుంది. తర్వాత వెలుగు బాగా తగ్గించి కాసేపు చదవాలి. చాలా అమోలెడ్ తెరలు వెలుగు తగ్గించడానికి వేగంగా ఆరి వెలుగుతాయి. అది పైకి కనిపించదు గానీ కొందరికి కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. చివరగా షాపు గుమ్మం దాటి ఎండలో చూడాలి.

మా అమ్మకు కొన్నప్పుడు ఎల్‌సీడీకే ఓటేశాను. ఆవిడ సినిమాలు టీవీలో చూస్తుంది, ఫోన్లో పేపరు చదువుతుంది, రాత్రి వెలుగు తగ్గించుకుంటుంది. పడుకునే ముందు సిరీస్‌లు చూసే కుర్రాడైతే అమోలెడ్‌ కొనమనేవాణ్ని.

చాలా ఇళ్లలో ఒక్క ఫోనే టీవీ, పిల్లల పాఠం, పెద్దల పత్రిక. అందుకే వాడబోయే మనిషినే షాపుకు తీసుకెళ్లండి. రోజూ చదివేది ఆ తెర మీద చదవనివ్వండి. ఏళ్లపాటు దాన్ని చూడాల్సిన కళ్లు వాళ్లవి, కాబట్టి తీర్పూ వాళ్లదే.