ముల్లు తిరిగే సొగసు

చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. ఉత్తరపు కమాను దగ్గర బయల్దేరిన బాట గుల్జార్‌హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా దాటి నయాపూల్ చేరుతుంది. అక్కడ మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన, విన్సెంట్ ఎష్ రూపమిచ్చిన సిటీ కాలేజీ నూరేళ్లు దాటి నిలిచి ఉంది. ఇంత దిక్కుల ప్రస్తావన ఎందుకంటే, నేను చూసిన భౌతికశాస్త్ర ప్రయోగాల్లోకెల్లా అందమైనది దిక్కులు సరిచూసుకోవడంతోనే మొదలవుతుంది. తెలుగునాట బీఎస్సీ, ఇంజినీరింగ్ పిల్లలు దాన్ని ‘స్టీవర్ట్ అండ్ గీ’ అంటారు. రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని, మరిచిపోతారు. మరవదగ్గది కాదు.

రాగి తీగచుట్టను ఉత్తర దక్షిణాలుగా నిలబెడతారు. దాని నడుమగా, తూర్పు పడమరలకు ఒక పట్టాల బల్ల. దాని మీద అటూ ఇటూ జరిపే దిక్సూచి పెట్టె. పెట్టెలో గోరంత అయస్కాంతం, దానికి అడ్డంగా అతికించిన సన్నని అల్యూమినియం ముల్లు, ముల్లు అడుగున అద్దం. ముల్లు అద్దంలోని తన నీడను తానే పూర్తిగా కప్పుకున్న క్షణంలోనే అంకె చదవాలి. రియోస్టాట్‌ను, అమ్మీటర్‌ను దూరంగా పెట్టాలి. జేబులో ఫోన్ కూడా ఉండకూడదు. ఇంత శుచిగా సిద్ధమయ్యాక కమ్యుటేటర్ ప్లగ్గులు బిగిస్తే, ఎవరూ ముట్టని ముల్లు ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, ఊగి, ఊగి, ఒకచోట నిలబడుతుంది. వేలికొసతో గాజును మెల్లగా తట్టాలి. బిగుసుకున్న చిన్నపాటి ఘర్షణ వదిలి, ముల్లు మరో అర డిగ్రీ సర్దుకుంటుంది. ఆ అర డిగ్రీ సర్దుబాటే నాకు ప్రాణం.

1820లో కోపెన్‌హాగన్‌లో ఓయర్‌స్టెడ్ చూసి నివ్వెరపోయింది ఈ కదలికనే. అప్పటికి తెలిసిన బలాలు, న్యూటన్ చెప్పిన గురుత్వాకర్షణైనా కూలుంబ్ కొలిచిన ఆవేశాల బలమైనా, రెండు వస్తువులను కలిపే గీత వెంటే లాగేవి, నెట్టేవి. తీగలో కరెంటు మాత్రం ముల్లును తన వైపు లాగదు, దూరంగా నెట్టదు, అడ్డంగా తిప్పుతుంది. ముల్లు తీగ కింద ఉంటే ఒక వైపుకు, పైన ఉంటే రెండో వైపుకు. ఆలంకారికుడు కుంతకుడు కావ్యానికి జీవమని చెప్పిన వక్రత ప్రకృతిలో ఇంత నిక్కచ్చిగా మరెక్కడా నాకు కనబడలేదు. అదే ఏడాది ఆంపియర్, బయో, సవార్ దానికి గణితం కట్టారు.

ఇక ఆ ముల్లు ఆగే చోటు. భూమి దాన్ని మోసే అయస్కాంతాన్ని ఉత్తరానికి పట్టి ఉంచుతుంది, తీగచుట్ట తూర్పుకో పడమరకో రమ్మంటుంది. హైదరాబాద్‌లో భూమి పట్టు, అడ్డంగా కొలిస్తే, సుమారు 40 మైక్రోటెస్లాలు. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుంచి ఆ పట్టును కనిపెట్టి చూస్తోంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 50 చుట్లు ఉన్న తీగలో 0.13 ఆంపియర్లు పంపితే చాలు, చుట్ట నడుమ ముల్లు దాదాపు 45 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అంటే సెల్‌ఫోన్ చార్జరు ఇచ్చేదానికన్నా ఎంతో తక్కువ కరెంటు భూగోళంతో సరితూగింది! కొలబద్ద ఎక్కడో కర్మాగారంలో తయారైంది కాదు, కాళ్ల కింద ఉన్న నేలే కొలబద్ద.

పెట్టెను చుట్ట నుంచి దూరం జరుపుతూ పోతే 5 సెంటీమీటర్ల దగ్గర 36 డిగ్రీలు, 10 దగ్గర 19, 20 దగ్గర అయిదే. రెండు వైపులా కొలిచి గ్రాఫు కాగితం మీద ఆ కోణాల టాంజెంట్ విలువలు గుర్తించి కలిపితే గుమ్మటం లాంటి వంపు వస్తుంది. శిఖరం దగ్గర నెమ్మదిగా దిగి, ఒకచోట వంగే తీరు మార్చుకుని, ఆపై అంచులు చాచి సన్నగిల్లుతుంది. తీరు మారే బిందువులు సరిగ్గా సగం వ్యాసార్ధం దూరంలో, ఇటొకటి అటొకటి ఉంటాయి. వాటి మధ్య దూరం చుట్ట వ్యాసార్ధానికి సమానం! చుట్ట తన కొలతను గాలిలో రాసి పెట్టినట్టే. అలాంటి చుట్టలు రెండింటిని వ్యాసార్ధమంత ఎడంగా ఒకే అక్షం మీద పెట్టి, ఒకే వైపుగా కరెంటు పంపితే, ఒకదాని దిగుడును మరొకదాని ఎగుడు పూరించి నడుమ క్షేత్రం దాదాపు సమతలమవుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ జంట అంటే ఇదే.

ఈ రసం ప్రయోగశాలకే పరిమితం కాదు. మోటారు వైండింగ్ చేసేవాళ్లు కొత్తగా చుట్టిన త్రీఫేజ్ స్టేటర్‌ను ఒక్కోసారి బేరింగు గుండుతో పరీక్షిస్తారు. రోటర్ తీసేసి, తక్కువ వోల్టేజి ఇచ్చి, లోపల ఉక్కు గుండు వేస్తారు. రాగి చుట్లలో ఒక్కటీ కదలదు. వాటిలో ఒకదాని తర్వాత ఒకటిగా ఉప్పొంగే కరెంటుల వల్ల క్షేత్రం మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. గుండు దాని వెంట గోడ అంచున గిరగిరా పరుగెత్తుతుంది. ఎక్కడైనా చుట్టు తప్పుగా కలిపితే ఆ పరుగు తడబడుతుంది. మూడు ఫేజుల్లో ఏ రెండు వైర్లనైనా అటుదిటు మార్చి బిగిస్తే, గుండు ఎదురు దిక్కున తిరుగుతుంది.