భాగించకుండానే తేల్చే లెక్క
170141183460469231731687303715884105727. ముప్పై తొమ్మిది అంకెల ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వార్ లూకాస్ 1876లో తేల్చాడు. కంప్యూటర్లు లేని కాలం. చేత్తో లెక్కకట్టి తేల్చిన ప్రధాన సంఖ్యల్లో ఈనాటికీ ఇదే పెద్దది.

127 రెళ్లను గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది: 2¹²⁷−1. ఇలాంటివాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. ఏ ఘాతాలకు ఇవి ప్రధాన సంఖ్యలవుతాయో 1644లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఒక జాబితా ఇచ్చాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 జాడే లేదు. 127 మాత్రం నిలిచింది.

ఒక్కో సంఖ్యతో భాగించి చూద్దామంటే, సెకనుకు కోటి భాగహారాలు చేసినా ఈ సంఖ్యకు 40 వేల ఏళ్లు చాలవు. లూకాస్ దారి వేరు. ఆ పద్ధతిని 1930లలో అమెరికన్ గణితవేత్త డి.హెచ్. లేమర్ సరళం చేశాడు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి. పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి, శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. మళ్లీ అదే. 2⁵−1, అంటే 31నే చూడండి: 4 తర్వాత 14. పద్నాలుగు వర్గం 196, రెండు తీస్తే 194, శేషం 8. ఎనిమిది వర్గంలోంచి రెండు తీస్తే 62, శేషం సున్నా. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు చేసేసరికి సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఘాతం మూడు గానీ, అంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్య గానీ అయితే చాలు. 127 ఘాతానికి 125 సార్లు చేస్తే సరి. పైగా ద్విసంఖ్యామానంలో ఇక్కడ భాగహారం అక్కర్లేదు. 127 స్థానాలు దాటిన అంకెలను విడదీసి, మిగిలినవాటికి కలిపితే చాలు.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది మరొకటి. 2⁶⁷−1 ప్రధాన సంఖ్య కాదని కూడా లూకాస్ 1876లోనే చూపాడు, ఒక్క కారణాంకమైనా తెలియకుండా! అవి బయటపడింది 1903లో: 193707721, 761838257287. అమెరికాకు చెందిన ఫ్రాంక్ నెల్సన్ కోల్ పట్టుకున్నాడు. కారణాంకాలు వెతకడం, ప్రధానమో కాదో తేల్చడం వేర్వేరు పనులనీ, రెండోది ఎంతో సులువనీ తెలియజెప్పడమే ఈ పద్ధతి విలువ.

2024 అక్టోబరులో దొరికిన ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹−1లో 4,10,24,320 అంకెలున్నాయి. దాన్నీ చివరికి ధ్రువపరిచింది లూకాస్–లేమర్ పరీక్షే.

ఇంత అందమైన పద్ధతి మన హైస్కూలు తరగతులకు చేరాలి. లెక్కల మాస్టార్లూ, 127ను ఈసారి ఘాతంగా కాక, పరీక్షించే సంఖ్యగానే తీసుకుని పిల్లల చేత చేయించండి: 4, 14, 67, 42, 111, 0. ఆ తర్వాత 8191 ఇచ్చి, వాళ్లనే తేల్చుకోనివ్వండి.