ఒక్క లైటు, ఒక్క నేరం

ఇబ్రహీంపట్నం నుంచి రామోజీ ఫిల్మ్‌సిటీ ఎంతో దూరం లేదు. రైల్వేస్టేషన్ కావాలన్నా, విమానాశ్రయం కావాలన్నా అక్కడ సెట్టు అద్దెకు సిద్ధంగా ఉంటుంది. ఆ అద్దెలు కట్టలేని కుర్రాళ్లు పది నిమిషాల క్రైమ్ షార్ట్‌ఫిల్మ్ తీయాలనుకుంటే వాళ్ల అక్కరకొచ్చేది ఫిల్మ్ నోయిర్ పద్ధతి. డబ్బు చాలనప్పుడు చీకటిచేత పనిచేయించుకోవడం అది నేర్పుతుంది.

1940లలో హాలీవుడ్‌లో స్థిరపడిన ఈ ధోరణికి 1946లో ఆ పేరు వాడింది ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్. ఐరోపా నుంచి వలసవచ్చిన దర్శకులు వెంట తెచ్చుకున్న పదునైన నీడలే దీనికి పునాది. ఎడ్గర్ ఉల్మర్ 1945లో ‘డిటూర్’ తీసినప్పుడు న్యూయార్క్ వీధి కట్టే స్తోమత లేక తెరంతా పొగమంచు నింపేశాడు. సెట్టు లేని లోటు ఎవరికీ తెలియలేదు.

మన షూటింగుల్లో మొహానికి ఒక పక్క కీ లైటు పెట్టి, రెండో పక్క నీడ పోవడానికి తెల్ల థర్మోకోల్ పట్టుకుంటారు. నోయిర్‌లో ముందు ఆ థర్మోకోల్ తీసేయాలి. సగం మొహం చీకట్లోకి జారిపోగానే ఈ మనిషి ఏదో దాస్తున్నాడన్న అనుమానం చూసేవాడిలో మొదలవుతుంది. హాలీవుడ్ వాళ్లు కిటికీ బ్లైండ్ల చారలు గోడ మీద పరిచారు. మనకు పాత ఇళ్ల కిటికీ ఊచలున్నాయి. లైటును కిటికీ బయట దూరంగా, కాస్త ఎత్తున పెడితే ఊచల నీడ తేటగా పడుతుంది. దగ్గరికి తెస్తే అలుక్కుపోతుంది. రాత్రిపూట రోడ్డు మీద రెండు బిందెల నీళ్లు చల్లితే వీధిదీపం తారు మీద మెరుస్తుంది. ఫోన్‌తో తీస్తే, చీకటి చూడగానే అది తనంతట తానే వెలుతురు పెంచి బొమ్మను పాడుచేస్తుంది. మొహం మీద వెలుగు పడ్డ చోట ఎక్స్‌పోజర్ లాక్ చేసుకోవాలి.

అసలు పట్టు మాత్రం కథలో ఉంది. బిల్లీ వైల్డర్ ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) మొదట్లోనే బీమా ఏజెంటు తన నేరం ఒప్పేసుకుంటాడు. ఇక హంతకుడెవరన్న ప్రశ్న లేదు. మామూలు మనిషి అంతదాకా ఎలా దిగజారాడన్నదే కథ. అనుమానితులను వరసగా చూపించే తీరిక లేని పది నిమిషాల సినిమాకు ఈ అల్లిక సరిగ్గా సరిపోతుంది. బీమా ఏజెంటు బదులు నాగార్జునసాగర్ రోడ్డు మీద ప్లాట్లు అమ్మే బ్రోకర్‌ను తీసుకోండి. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన రాత్రి, ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద బండి ఆపి తన కథ తానే చెప్పుకుంటాడు. ఈ ప్రాంతం వాళ్లకు అతనెవరో వివరించనక్కర్లేదు.

దక్షిణాదికి ఈ దారి కొత్తదేం కాదు. 1954లో ఎస్. బాలచందర్ తమిళంలో ఒక్క పాట కూడా లేకుండా ‘అంద నాళ్’ తీశారు. 2003లో చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’లో నిరుద్యోగ కుర్రాళ్లు డబ్బు కోసం నేరంలోకి దిగుతారు, ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. నేరగాడు మనలో ఒకడేనని ఒప్పించడమే ఈ పద్ధతి విలువ. అందుకే లైటు అద్దెకు తెచ్చుకునే ముందు ఆశ ఎవరిదో, అది అతణ్ని ఎంతదూరం లాక్కెళ్లిందో కాగితం మీద తేల్చుకోవాలి. అది తేలకుండా ఎంత చీకటి పరిచినా ఏం లాభం?