నల్లమల నడకకు ఒక కాగితం

మా మావయ్య వేసిన నడక ప్రణాళిక ఒకటి నా దగ్గరుంది. పద్దుల పుస్తకంలోంచి చింపిన పొడుగాటి కాగితం. శివరాత్రికి వెంకటాపురం నుంచి నల్లమల అడవిగుండా కాలినడకన శ్రీశైలం వెళ్లడానికి వేసింది. మూడు పగళ్లు, రెండు రాత్రులు, నలభై కిలోమీటర్లకు పైమాట. పైనుంచి కిందికి చదివితే దాని గుట్టు అందదు. కిందినుంచి పైకి చదవాలి. ఆయన రాసింది అలాగే.

అట్టడుగున "శివరాత్రి, సా. 4, గుడి" అని ఉంది. దాని పైన కైలాసద్వారం, ఆ పైన భీముని కొలను, మఠంబావి, పెచ్చెరువు, నాగలూటి, అన్నిటికీ పైన ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం. చేరాల్సిన గంటను ముందు ఖాయం చేసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చాడన్నమాట. గుడి చేరడం చీకటి పడేలోగా ఎందుకంటే, ఈ దారిని భక్తులకు తెరిచేది శివరాత్రికి, ఉగాదికి. ఒకటి అమావాస్యకు ముందు వచ్చే చతుర్దశి, రెండోది అమావాస్య దాటిన పాడ్యమి. ఏ పండగకు వెళ్లినా వెన్నెలను లెక్కలో వేసుకోవడానికి లేదు. పైగా ఇది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం.

గంటల లెక్క చూడండి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి ఆరువందల మీటర్లకు మరో గంట. మావయ్యకు ఆ పేరు తెలియదు. ఆయన వేసుకున్నది "చదునున గంటకు మూడు, ఎక్కుడులో ఒకటి". నైస్మిత్ సూత్రం చలిదేశంలో చురుగ్గా నడిచేవాడికి సరిపోతుంది. భుజాన సంచీ, నెత్తిన మాఘమాసపు ఎండ ఉన్నవాడికి మావయ్య లెక్కే నయం.

భీముని కొలను దగ్గర ఎర్ర సిరాతో రెండు గీతలున్నాయి: "11 లోపు". దారి మొత్తానికీ కీలు అక్కడుంది. రాతిమెట్ల మీదుగా లోయలోకి దిగాలి, దిగినదంతా అవతలి గట్టున మళ్లీ ఎక్కాలి. మెట్లు ఒక్క ఎత్తున ఉండవు. ఒకటి జానెడు, మరొకటి మోకాటి దాకా. దిగేటప్పుడు బరువంతా మోకాళ్ల మీద, బొటనవేళ్ల కొసల మీద పడుతుంది. అందుకే సామాన్ల జాబితాలో కర్రతోపాటు "గోళ్లు తీసుకోవడం" కూడా ఉంది. ఎండ ముదిరితే రాయి కాలి, ఎక్కుడు రెట్టింపు కష్టమవుతుంది. పదకొండులోపు అక్కడుండాలంటే తెల్లవారుతూనే పెచ్చెరువు వదలాలి. అంటే రెండో రాత్రి బస పెచ్చెరువే. అది స్థిరపడగానే మొదటి రాత్రి నాగలూటి అని దానంతటదే తేలింది. మొదటి రోజు కావాలనే తక్కువ నడక: ఆ రోజు సంచీ అన్నిటికన్నా బరువు, కాళ్లు ఇంకా దారికి అలవాటు పడవు.

ఇక నీళ్లు. ప్రతి మజిలీ పక్కనా చిన్న అంకె: 2, 3, 2. తర్వాతి నీటి చోటు దాకా మనిషికి ఎన్ని లీటర్లన్నది. లీటరంటే కిలో. ఎక్కువ మోస్తే నడుము పోతుంది, తక్కువైతే నాలుక పిడచ కడుతుంది. దారిలో ఎవరైనా పెట్టే చలివేంద్రాలను ఆయన లెక్కలోకి తీసుకోలేదు. నేను అడిగితే, "పెడితే వాళ్ల పుణ్యం, పెట్టకపోతే మన సంచి" అన్నాడు.

ఆ అంకెలు చూస్తుంటే ఒక సంగతి తట్టింది. మజిలీల పేర్లు మళ్లీ చదవండి: పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను. చెరువు, బావి, కొలను! ఈ ప్రణాళిక మావయ్య కంటే ముందే ఎవరో వేసి ఉంచారు. దాహం ఎక్కడ వేస్తుందో తెలిసినవాళ్లు మజిలీలను అక్కడే పెట్టారు. ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన సంగతి చరిత్రలో ఉంది. మెట్లు రాజులు కట్టించవచ్చుగానీ, నీటిజాడ మాత్రం అడవిలో తిరిగినవాళ్లకే తెలిసి ఉంటుంది.

తిండి జాబితా మొదట చూస్తే పిసినారి వ్యవహారంలా ఉంటుంది: ఎండు జొన్న రొట్టెలు, అటుకులు, పుట్నాలు, వేరుశనగ ఉండలు. కారణం పక్క గడిలో ఉంది: "పొయ్యి లేదు". ఆకురాలిన అడవిలో నిప్పురవ్వ చాలు, మంట పెట్టడం నిషేధం. పొయ్యి లేదు కాబట్టి వండని తిండి, గిన్నెల బరువు లేదు. వేరుశనగ వంద గ్రాములకు సుమారు 560 కేలరీలిస్తుంది, బెల్లంతో ఉండ కడితే ఒక చేత్తో నడుస్తూ తినొచ్చు. కానీ పొడితిండికి నీళ్లెక్కువ పడతాయి. పెచ్చెరువు పక్కన రెండును కొట్టేసి మూడు చేసింది అందుకే. ఒక గడిలో మార్పు చేస్తే ఇంకో గడి కదులుతుంది.

చెరువునీళ్లకు అత్తయ్య పాత నూలుచీర ముక్క. నాలుగు మడతలేసి వడగట్టి, ఆ తర్వాతే క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. వరుస తప్పకూడదు: మడ్డి ఉంటే క్లోరిన్ దానిమీదే ఖర్చైపోతుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా చీరతో వడగట్టిన ఇళ్లలో కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో ఒక పరిశోధన చెప్పింది, ఎందుకంటే కలరా క్రిములు నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకుని ఉంటాయి, మడతల్లో అవి చిక్కుతాయి.

కాగితాన్ని మడిచిన తీరూ చూడాల్సిందే. మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్లు, గడికొక మజిలీ. ఇప్పుడు నడుస్తున్న గడి పైకి వచ్చేలా చొక్కా జేబులో పెట్టుకుంటే చాలు, అడవిలో కాగితమంతా విప్పనక్కర్లేదు. మజిలీలు ఏడే. ఎనిమిదో గడి నా దగ్గర లేదు, పై అంచు చిరిగి ఉంటుంది. దానిలో నడకకు వెళ్లే నలుగురి పేర్లు, ఏ రాత్రి ఎక్కడ బస, శివరాత్రి మర్నాడు మధ్యాహ్నం దాకా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాసి, బయల్దేరేముందు చింపి అత్తయ్య చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని కాలెండరు వెనక గుచ్చి, తారీఖు చుట్టూ సున్నా చుట్టింది.